ఎర్రదారం గడి

మూడేళ్ళ కిందట పడవలు కట్టే షెడ్డులోంచి వెళ్ళిన పడవ క్రేను పట్టీల్లో వేలాడుతూ తిరిగి వస్తుంటే, మీద రాసిన అంకెలు కనబడకముందే వదిన దాన్ని గుర్తుపట్టింది. కన్న పిల్ల వీపు తిప్పుకుని నిలబడ్డా తల్లికి తెలియదూ, అలాగ. ఆ అడుగును గాజునారతో పొర మీద పొర పరిచింది తనే. ఆ వారమంతా ముసురు పట్టి, పొరలను అంటించే రెజిన్ ఒక పట్టాన గట్టిపడలేదని గుర్తు. రెండో రోజు తను పచ్చ చొక్కా తొడుక్కుందనీ, దాని చేతి మీద పడిన రెజిన్ బొట్టు ఇప్పటికీ అద్దం బిళ్ళలా మెరుస్తోందనీ కూడా గుర్తే.

షెడ్డులో అందరికీ ఆమె వదినే. మేస్త్రికీ వదినే, మేస్త్రి కంటే పెద్దవాళ్ళకీ వదినే. ఏ అన్న తరఫున వదినైందో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

పడవను దిమ్మెల మీద దించారు. దాన్ని నడిపేవాడూ, దాని సొంతదారూ అయిన సరంగు చెప్పులు టపటపలాడించుకుంటూ చుట్టూ తిరిగి, కుడి పక్క అడుగు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. మగ్గిన బొప్పాయి మీద నొక్కినట్టు వేలు లోపలికి దిగింది.

"చూశారా? ఇది పడవా, పరుపా?" అన్నాడు. "ఏడాదిగా ఇంతే. ఇంజను గొంతు చించుకుంటుంది, ఇది మాత్రం నీళ్ళలో కాళ్ళు ఈడుస్తుంది. మీ ఇంట్లో పెళ్ళికి పరుచుకోండి, నాకెందుకు?"

షెడ్డు పెద్దాయనది. ఆయన మాటలు బహు పొదుపు. చేతులు వెనక్కి కట్టుకుని మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి నేల చూస్తూ మాట్లాడాడు.

"లోపలి కర్ర సరిగా అంటుకోలేదండి. ముసురు రోజులు కదా. రోలరు వేసిన చెయ్యి తొందరపడింది."

రోలరు వేసిన చెయ్యి వదిన చెయ్యి. రెజిన్ పోసిన గాజునార మీద ఆ ఇనుప పళ్ళ రోలరు దొర్లిస్తుంటే లోపల ఇరుక్కున్న గాలి చిటచిటమంటూ బయటికి వస్తుంది. ఆ చిటచిట ఆగేదాకా చెయ్యి ఆగకూడదు. వదిన చెవి పెట్టి మరీ దొర్లించేది. ఆమె రోలరు గోడకు మూడో మేకుకు వేలాడేది, పిడికి నీలం గుడ్డ చుట్టి ఉండేది. మేస్త్రి వెళ్ళి దాన్ని తీసి బీరువాలో పెట్టాడు.

"కొన్నాళ్ళు గరుకు కాగితం పని చూడు వదినా. అడుగు పని వేరేవాళ్ళు చేస్తారు," అన్నాడు. ఆ మాట బీరువా తలుపుతో అన్నాడు.

"దీని బదులు కట్టే కొత్త పడవ మీద మాత్రం ఈవిడ చెయ్యి పడకూడదు," అన్నాడు సరంగు. "ఈ దూది పడవ కూడా నాకొద్దు. మొత్తం గట్టిదే చెయ్యండి."

ఆ షెడ్డులో పడవలు రెండు రకాలు. గట్టి పడవంటే ఒళ్ళంతా గాజునారే. పొర మీద పొర వేసుకుంటూ పోతే బొటనవేలు మందం వచ్చేదాకా వెయ్యాలి. బరువే కానీ దానికి లోపలి తప్పు దాచుకోవడం చేతకాదు. దూది పడవంటే రెండు పల్చటి పొరల నడుమ తేలిక కర్ర ముక్కలు. ఎంత తేలికంటే చాపంత పలకను రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టొచ్చు. పడవ బిగువుగా ఉంటుంది, చులాగ్గా పోతుంది, నూనె తక్కువ తాగుతుంది. మూడేళ్ళ కిందట ఈ సరంగే ఏరి కోరి దూది పడవ అడిగాడు. ఆ సంగతి వదినకు గుర్తున్నంత బాగా సరంగుకు గుర్తున్నట్టు లేదు.

గాజునార కత్తిరించే సన్నపాటి మనిషి ఒకావిడ ఉంది. చేతిలోదీ, నోట్లోదీ ఒకే పనిముట్టు కాబట్టి ఆమెను కత్తెర అంటారు. ఆమె వచ్చి వదిన పక్కన నిలబడింది.

"తిట్టు వదినా. నీకు చేతకాకపోతే చెప్పు, నేను తిడతాను. నువ్వు పక్కన నిలబడి తలాడిస్తే చాలు."

వదినకు తిట్టూ రాలేదు, ఏడుపూ రాలేదు. "కుడి పక్కే ఎందుకు మెత్తబడిందే?" అంది. "ముసురు రెండు పక్కలా పట్టింది కదా."

మర్నాడు వదిన ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఒక పాత పడవ అంచును గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చుంది. ఆ పనిలో చెవికి ఏమీ వినబడదు, గరగర తప్ప. మధ్యాహ్నానికి కనుబొమ్మలు తెల్లబడి ముసలిదైపోయింది. కత్తెర చూసి, "అత్తగారిలా ఉన్నావు, దణ్ణం పెట్టనా?" అంది. నవ్వుకున్నారు. అన్నం తిన్నాక వదిన స్పూను కడుక్కుని, దాని తోకతో దిమ్మెల మీది పడవను తట్టడం మొదలుపెట్టింది.

టక్. టక్. టక్. వెనక భాగమంతా బాగానే పలికింది. కుడి పక్క నడుమకు రాగానే థప్ అంది. తడి గోనెసంచి మీద కొట్టినట్టు. ఆ థప్ వెనక్కి మూరెడు, కిందికి జానెడు పాకి ఉంది. ఎడమ పక్క ఎక్కడా థప్ లేదు. వదిన ముఖం తేలికపడింది. అలా ముందుకు తట్టుకుంటూ పోయి, ఎడమ పక్క ముక్కు దగ్గర ఆగిపోయింది.

డబ్.

మళ్ళీ తట్టింది. డబ్. అరచేతి వెడల్పున బోలు చప్పుడు. తడి కాదు, అతుక్కోనిది.

ఆమెకు ఆ చోటు తెలుసు. ముసురుకు రెజిన్ గట్టిపడక విసిగి ఎవరో గట్టిపరిచే మందు ఎక్కువ కలిపారు. గిన్నె ఉన్నట్టుండి వేడెక్కి పొగలు కక్కింది. అది చేతిలో గడ్డకట్టేలోపు ఆ చివరి పలక మీద గబగబా రోలరు తిప్పేసింది. గాలి చిటచిట పూర్తిగా ఆగిందో లేదో వినలేదు. వినే వ్యవధి లేదు.

మేస్త్రి అన్నది నిజమేనేమో. చెయ్యి తొందరపడింది. వదిన స్పూను చెంగున తుడిచి పెట్టెలో పెట్టుకుంది. కత్తెర ఏమైందని అడిగితే, "ఏం లేదు, నువ్వెళ్ళి పని చూసుకో," అంది. కత్తెరను పని చూసుకోమనడం ఆమె జీవితంలో అదే మొదలు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని చొక్కాకు కాజాలు కుడుతున్నాడు. ఆయన దర్జీ. పెదాల మధ్య సూది పెట్టుకుని మాట్లాడగలడు, ఆవలించగలడు, ఒకసారి అలాగే పోట్లాడాడు కూడా.

"ఏమండీ, కాలరు ఎందుకు పొక్కుతుంది?" అంది వదిన, కాళ్ళు కడుక్కోకుండానే.

ఆయన సూది తీశాడు. "ఎవరి కాలరు?"

"ఎవరిదో ఒకరిది. చెప్పండి."

"లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టి ఇస్త్రీతో అంటిస్తాం కదా. ఎక్కడైనా ఇస్త్రీ సరిగా తగలకపోతే అక్కడ పొక్కు లేస్తుంది."

"కాలరంతా పాకుతుందా?"

"ఎందుకు పాకుతుందీ? తగలనిది ఎంతమేరో అంతే. దాని మానాన అది పడి ఉంటుంది. పాకిందంటే నీళ్ళు దిగాయన్నమాట. నీళ్ళు ఊరికే దిగవు, అంచు ఎక్కడో విడిపోయి ఉండాలి."

వదిన గుమ్మంలోనే కూలబడింది. అడుగు అంచు విడిపోవడానికి అక్కడ అంచేముంది? నున్నటి పళ్ళెం లాంటి అడుగు. ఆయన మళ్ళీ కాజా మీదికి వంగాడు. గుడ్డ మీద గీత గీశాడు, గీత చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టాడు, అప్పుడు బ్లేడుతో మధ్య కోశాడు.

"ముందు కోసి తర్వాత కుట్టకూడదా?" అంది.

"కోసిన మరుక్షణం పోగులన్నీ లేచి కూర్చోవూ? చిల్లు పెట్టబోయే చోటును ముందే గట్టి చెయ్యాలి. ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నావు, ఇవాళేమిటి కొత్తగా?"

వదిన కళ్ళ ముందు పచ్చ చొక్కా రోజు కదిలింది. సరంగు ఆ పడవకు చేపలు చూపే యంత్రం కావాలన్నాడు. దాని కన్ను అడుగులోంచి కిందికి చూడాలి, అందుకొక చిల్లు కావాలి. కాబట్టి ఆ చోట జానెడు గడిలో కర్ర పెట్టకుండా, వట్టి గాజునార పొరలే నింపి గట్టి చేసింది. ఆ గడి వేస్తున్నప్పుడు తల ఎత్తితే ఎదురుగా గోడగడియారం. పదకొండున్నర. గడియారం ఉన్న గోడ పడవకు ఎడమ పక్క.

యంత్రం కన్ను ఏ పక్కనుంది? చూసింది కానీ చూడలేదు.

"మీ సుద్దలు రెండివ్వండి. తెల్లదొకటి, నీలందొకటి."

"తిరిగి తే," అన్నాడాయన. "పోయినసారి ఇస్త్రీపెట్టె తీసుకెళ్ళి ఏం చేశావో నాకు గుర్తుంది."

మూడో రోజు మధ్యాహ్నం వదిన అన్నం పెట్టె తెరవలేదు. ఎడమ పక్క వెనక నుంచి జానలు కొలుచుకుంటూ, తట్టుకుంటూ వచ్చింది. పదకొండో జాన దగ్గర స్పూను కణ్‌మంది. కణ్, కణ్, కణ్, నాలుగు మూలలా. జానెడు గడి. రాయిలాంటి గడి, మూడేళ్ళుగా ఏ చిల్లూ లేకుండా అతిథి రాని కుర్చీలా ఖాళీగా కూర్చుని ఉంది. దాని చుట్టూ తెల్ల సుద్దతో గీసింది.

కుడి పక్కకు వెళ్ళి మళ్ళీ పదకొండు జానలు కొలిచింది. పదకొండో జానలో, అచ్చం అదే ఎత్తున, యంత్రం కన్ను బిగించి ఉంది. చుట్టూ జిగురు దట్టంగా పూసి ఉంది. థప్ అక్కడే మొదలైంది. అక్కడి నుంచి వెనక్కీ కిందికీ పాకింది. నీలం సుద్దతో దాని చుట్టూ గీసుకుంటూ పోతే పొడుగాటి తోకచుక్క బొమ్మ వచ్చింది, తలలో కన్ను పెట్టుకుని.

"తస్సదియ్య," అంది కత్తెర. "కర్ర మధ్యలోంచి చిల్లు వేశారా? కొలత సరిగ్గా ఉంది, పక్క తప్పు. ఎడమా కుడీ తెలియనివాడు ఎవడే?"

"తెలియకేం? కొలతల కాయితంలో ఎడమ అనే ఉంది." వదిన ఆలోచిస్తూ ఎడమ కాలి చెప్పు విడిచి, బోర్లించి, నేల మీద పెట్టి చూసింది. ఎడమ చెప్పు బోర్లా పడితే కుడి చెప్పులా ఉంది. రంగు వెయ్యడానికి పడవను బోర్లిస్తారు. కడుపు పైకి వస్తుంది. అప్పుడు వెనక నిలబడి ఎడమ చేతి పక్క కొలిస్తే, అది పడవకు కుడి పక్క. చిల్లుకు గుర్తు పెట్టేది షెడ్డులో ఒక్కరే.

"మేస్త్రి," అంది కత్తెర, నోరు చేత్తో మూసుకుని. తర్వాత చెయ్యి తీసేసింది. "పద పెద్దాయన దగ్గరికి. ఇప్పుడే."

"ఉండు. ఇంకొకటి మిగిలింది."

వదిన ముక్కు దగ్గరికి వెళ్ళి, డబ్‌మనే చోటు చుట్టూ కూడా నీలం సుద్దతో సున్నా చుట్టింది. కత్తెర వంగి తట్టి చూసింది, ముఖం మారింది.

"ఇదేంటి?"

"నాది."

"చెరిపెయ్. నీకేమైనా పిచ్చా? వాళ్ళకు నువ్వే చేతికిస్తావా? ఇది చూపిస్తే అది కూడా నీ నెత్తిన రుద్దుతారు."

"రుద్దనీ. చప్పుడు అబద్ధం చెప్పదు కదా, నేను సగం వినిపించి సగం మింగితే ఎలా?" అంది వదిన. సున్నా మాత్రం కోడిగుడ్డులా వచ్చింది.

నాలుగో రోజు అడుగు కోసి చూడాలని అనుకున్నారు. పెద్దాయన వచ్చాడు. సరంగు వచ్చాడు. మేస్త్రి కోత మిషను పట్టుకుని వచ్చి, సుద్ద గీతలు చూసి ఆగిపోయాడు. తెల్ల గడి చూశాడు. అటు వెళ్ళి నీలం తోకచుక్క చూశాడు. మిషను మెల్లగా నేల మీద పెట్టాడు.

"ఏంటమ్మా ఈ ముగ్గులు?" అన్నాడు సరంగు. "సుద్దముక్కతో పడవ బాగుచేస్తావా?"

"సరంగు గారూ, మీ చెప్పొకసారి ఇప్పిస్తారా? ఎడమ కాలిది."

సరంగు ఇటూ అటూ చూశాడు. కత్తెర నోట్లో చెంగు కుక్కుకుంది. పెద్దాయన తల ఊపాడు, ఇవ్వమని. సరంగు ఒంటికాలి మీద నిలబడి చెప్పు అందించాడు. వదిన దాన్ని నేల మీద పెట్టి, "ఇది పడవ," అంది. సుద్దతో ఎడమ అంచున చుక్క పెట్టింది. "ఇక్కడ గట్టి గడి కట్టాను. రంగు వేసేటప్పుడు పడవను ఇలా చేశాం." చెప్పును బోర్లించింది. "ఇప్పుడు ఎడమ చేతి పక్క చిల్లు వెయ్యమంటే మీరెక్కడ వేస్తారు?"

సరంగు వేలు చాచాడు. చాచిన వేలు గాలిలోనే ఆగింది. చెప్పు తిరగేసి చుక్క చూసుకున్నాడు. మళ్ళీ బోర్లించాడు. మళ్ళీ తిరగేశాడు. పిల్లవాడికి ఆటబొమ్మ దొరికినట్టు ఇంకా రెండుసార్లు తిప్పాడు.

"అయితే ఆ ముక్కు దగ్గరదేంటి?" అన్నాడు పెద్దాయన. ఆ నాలుగు రోజుల్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"అది నేను తొందరపడ్డదండి. గిన్నె పొగలు కక్కింది. గాలి పోయిందో లేదో వినలేదు."

మేస్త్రి చిన్న డ్రిల్లు తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ముందు ముక్కు దగ్గర, నీలం సున్నాలో, సన్నటి చిల్లు వేశాడు. పాలపొడి లాంటి పొడి కర్రపొట్టు రాలింది. వదిన వంగి వేలికి అద్దుకుని చూసింది. పొడిగా, కొత్తగా ఉంది. తెల్ల గడిలో వేస్తే డ్రిల్లు కీచుమంది, గాజుపొడి తప్ప ఏమీ రాలేదు. తోకచుక్కలో వేయగానే డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగింది. వెనక్కి లాగేసరికి టీ రంగు నీళ్ళు ధారకట్టాయి, కుళ్ళిన ఆకుల వాసనతో. అవి మేస్త్రి మోచేతి దాకా కారాయి. ఆయన తుడుచుకోలేదు.

"యంత్రానికి చిల్లు వేసిన రోజు కూడా ఇలాగే మెత్తగా దిగింది," అన్నాడు మేస్త్రి. "డ్రిల్లు మొనకు కర్రపొట్టు అంటుకుంది. చూశాను. మర్నాడే పడవ నీళ్ళలో దించాలి. చుట్టూ జిగురు దట్టించి, ఏమీ కాదులే అనుకున్నాను. మూడేళ్ళు అనుకుంటూనే ఉన్నాను." వదిన వంక చూడబోయి, ఆమె చేతిలోని సుద్ద దాకా చూసి ఆగాడు. "మొన్న సరంగు గారు వేలితో నొక్కిన చోటు చూడగానే నాకు తెలిసింది వదినా."

వదినకు కోపం రావలసిన సమయం అదే. వచ్చింది కూడా. కానీ దాని కంటే ముందు వేరే మాట బయటపడింది.

"మెత్తగా దిగితే ఆగాలి మేస్త్రీ."

"ఆగాలి."

"నేను కూడా వినాల్సింది. వినలేదు. కానీ నా రోలరు నేను బీరువాలో పెట్టుకోలేదు."

మేస్త్రి తల వంచుకున్నాడు. పెద్దాయన గోడ వైపు చూశాడు. మూడో మేకు ఖాళీగా ఉంది. ఆ మేకును చూసి, మేస్త్రిని చూసి, ఇంకేమీ అనకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆయన మాట్లాడినదాని కంటే అది ఎక్కువే. మేస్త్రి బీరువా దగ్గరికి నడిచాడు. నీలం గుడ్డ చుట్టిన రోలరును తెచ్చి మూడో మేకుకు తగిలించాడు.

సరంగు ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాడు, చెప్పు చేతిలో పట్టుకుని. "ఇదిగో అమ్మా, నన్ను ఒక మాట అడగనీ. నువ్వే అయితే నీ పడవ ఎలా కట్టుకుంటావు? గట్టిదా, దూదిదా?"

ఇన్నేళ్ళలో ఆమెను ఆ మాట ఎవరూ అడగలేదు. వదిన పడవ కింద వంగి ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు.

"నీళ్ళలో మునిగే అడుగంతా గట్టిదే కట్టుకుంటాను. ఎన్ని చిల్లులు వేసుకున్నా భయముండదు. నీళ్ళ పైన ఉండే పక్కలకు కర్ర పెడతాను. అడుగు పెంచే బరువును పక్కలు కాస్త తగ్గిస్తాయి. మొత్తం గట్టిదైతే మీరు మళ్ళీ మూడేళ్ళకు వచ్చి ఇది పడవా, బండరాయా అంటారు."

కత్తెర ఫక్కున నవ్వింది. సరంగు నవ్వకుండా ఉండటానికి మీసం సవరించుకున్నాడు.

"అలాగే కట్టండి," అన్నాడు పెద్దాయనతో. "ఈవిడ చేత్తోనే. తప్పుంటే తనే గీత గీస్తుంది, నేను వేలు పెట్టి వెతుక్కోనక్కర్లేదు." అప్పుడు గుర్తొచ్చి చెప్పు తొడుక్కున్నాడు.

ఆ వారం తిరక్కుండానే కొత్త పడవకు పొరలు పరిచే అచ్చు మైనం పూసుకుని, అద్దంలా మెరుస్తూ నడిషెడ్డులో నిలబడింది. కొన్నాళ్ళకు అడుగు పొరలన్నీ అయ్యాయి. పక్కల పని మొదలైంది. కుడి పక్క, లోపలి పంపు నీళ్ళు బయటికి పోయే చిల్లు రావలసిన చోట, వదిన జానెడు గడిలో కర్ర పెట్టకుండా వదిలి, గట్టి పొరలు నింపింది. పైన మూసే గాజునార గుడ్డను పరచబోతూ ఆగి, సంచీలోంచి మడత పెట్టిన గుడ్డముక్క తీసింది. అది కూడా గాజునారే. దాని మీద జానెడు చదరంగా, కాజాకు కుట్టినట్టు దగ్గర దగ్గరగా, ఎర్రదారంతో కుట్టి ఉంది. రెండు సాయంత్రాలు పట్టింది. ఒక మూల భర్త కుట్టాడు, ఆ మూల చక్కగా ఉంది.

ఆ ముక్కను గడి మీద సరిగ్గా కూర్చింది. పై గుడ్డ కప్పింది. తెల్లటి గుడ్డ కింద ఎరుపు మాయమైంది. రెజిన్ పోసి నీలం పిడి రోలరు పట్టుకుంది. చిట, చిట, చిట. తెలుపు కరిగిపోతూ గాజులా మారుతుంటే, నీళ్ళ అడుగునుంచి తేలి వచ్చినట్టు ఎర్రగీత ఒక పక్క కనబడింది, తర్వాత రెండో పక్క, తర్వాత నాలుగూ.

మేస్త్రి వచ్చి అచ్చు అంచున నిలబడి చూస్తున్నాడు. డ్రిల్లు వేసి చూసిన రోజు నుంచీ ఆయన ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు, ఆమె కూడా పలకరించలేదు.

"ఇక్కడ లోపలివైపు రంగు వెయ్యకండి," అంది వదిన రోలరు ఆపకుండా. "లోపలి నుంచి వెలుగు పట్టి చూస్తే గడి కనబడుతుంది. చిల్లు లోపలి నుంచే మొదలుపెట్టాలి. పడవను బోర్లించినా, నిలబెట్టినా, తలకిందులు చేసినా దారం ఎటూ పోదు."

మేస్త్రి చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద అచ్చులోకి దిగి, చెవి దగ్గరగా పెట్టాడు. రోలరు కింద చిటచిట తగ్గుతోంది. ఇంకా తగ్గింది. ఆగింది.

"ఇంకొక్కసారి తిప్పు వదినా," అన్నాడు.

తిప్పింది. ఇద్దరూ విన్నారు. ఏ చప్పుడూ లేదు.

మేస్త్రి లేచి, ప్యాంటుకు అంటిన రెజిన్ చూసుకుని, తుడవబోయి మానేశాడు. కాగితం విప్పి, అవతలి పక్క కొలతలు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

"అటువైపు కూడా ఒక గొట్టం చిల్లు ఉంది," అన్నాడు, ఈసారి ఆమె ముఖంలోకే చూస్తూ. "ఎర్రదారం ఇంకా ఉందా?"